పెర్మలోజా

“వంటింటి పెత్తనం నీకివ్వను ఒర్నెల్లా. నువ్వు పెర్మలోజావి!” అంది ఇన్నాళ్ళూ ఆ పెత్తనం చేసిన దిర్చే, పిండి చేతులతోనే.

ఇటలీలో ఫెరారా దగ్గరి ఆ ఊళ్ళో, చర్చి వంటింట్లో పని ఒక్కసారి ఆగిపోయింది. పెర్మలోజా అంటే మాట పడని మనిషి. పూచికపుల్లంత మాటకీ నొచ్చుకుని మూతి ముడుచుకునే మనిషి. ఆ ఊళ్ళో అంతకంటే దొంగ అనిపించుకోవడమే నయం. ‘దొంగని కాను’ అని అరవొచ్చు. ‘పెర్మలోజాని కాను’ అని అరిస్తే మాత్రం, ‘చూశారా!’ అంటారు.

ఒర్నెల్లా అరవలేదు. ఎల్లుండి చర్చి పండక్కి ఆరొందల మంది తింటారు, ఆరొందల వంకలు పెడతారు. పెత్తనం కావాలంటే అవన్నీ నవ్వుతూ పడాలి. ఆమెకి ఆ పెత్తనం కావాలి.

“పరీక్ష పెట్టుకోండి దిర్చే గారూ,” అంది ధీమాగా.

మాంసం కూరి మడిచిన పిండి ముద్దలు ఒర్నెల్లా గిన్నెలో చారులో తేలుతున్నాయి. దిర్చే ఒకటి నోట్లో వేసుకుంది.

“ఇవి కప్పెల్లెట్టీలా, దిండ్లా?”

“తిన్నాక పడుకోవాలి కదండీ!”

“ఈ చారులో కోడి ఉడికిందా, ఈదుకుని వెళ్ళిపోయిందా?”

“ఈదుకునే వెళ్ళింది. వెళ్తూ మిమ్మల్ని అడిగానని చెప్పమంది.”

“మీ అమ్మకీ చేతకాదులే పిల్లా!”

“నిజమేనండీ. పెళ్ళైన నెలకే మా నాన్న బజార్లో కొనుక్కు తినడం మొదలెట్టాడు.”

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. దిర్చేకీ నవ్వాగలేదు. “సరే, పెర్మలోజా అన్న మాట వెనక్కి తీసుకున్నా. పెత్తనం నీదే!” అంది. చప్పట్లు మోగాయి.

“ఇక ఇక్కడ పెద్దదానివి నువ్వే కదా, నా వంట రుచి చూసి చెప్పు. మొహమాటపడకు,” అంటూ దిర్చే తన గిన్నె ముందుకు జరిపింది.

మళ్ళీ అందరి పనీ ఆగింది. ఒర్నెల్లా నెమ్మదిగా నమిలింది. ఉప్పు సరిపోయింది, జాజికాయా సరిపోయింది. వంక పెట్టడానికేం లేదు.

“బాగుంది,” అంది మనస్ఫూర్తిగా.

హమ్మయ్య అనుకున్నారంతా. దిర్చే మొహం మాత్రం మాడిపోయింది.

“బాగుందా? ఇది తిని బిషప్పు గారు కళ్ళు తుడుచుకున్నారే! నీకు ఉత్త ‘బాగుంది’నా?”

“అయ్యో, కోపం వచ్చిందా?”

“నాకెందుకు కోపం? నేనేమన్నా పెర్మలోజానా?” అంటూ దిర్చే ఆమెని పక్కకి నెట్టి పొయ్యి ముందు నిలబడింది. “వెళ్ళు, వెళ్ళి ఆ ఉల్లిపాయలు తరుగు!”