తిరిగి వెళ్లిన మెయిళ్లు

"ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పార్రా మీ బావ. పోయి నెలన్నరైంది. సెంటర్ అడ్రసుకి ఒక్కడంటే ఒక్కడు ఓ ముక్క రాయలేదు. నీ సర్వర్ బాగానే ఉందా, మనుషులే ఇంతా?" అంది అక్క ఫోన్లో.

బావ ట్యూషన్ సెంటర్ మెయిల్ నడిచేది మా ఆఫీసు సర్వర్ మీదే. చూస్తానన్నాను.

మెయిల్ రాగానే సర్వర్ డేటాబేస్‌ని అడిగేది ఒకటే: అడ్రసులో @ తర్వాత ఉన్న ఈ డొమైన్ మనదేనా? అదే ప్రశ్న నేను వేసి చూశాను. జవాబు ఖాళీ. పట్టికలో సెంటర్ పేరు మాత్రం ఉంది. దాని పక్కన ‘వాడుకలో ఉంది’ అన్న గడిలో ఒకటి ఉండాల్సిన చోట సున్నా ఉంది.

సున్నాని ఒకటి చేసి, వచ్చిపోయిన మెయిళ్ల లెక్క రాసుకునే లాగ్ తెరిచాను. ఈ డొమైన్ మాది కాదంటూ సర్వర్ వెనక్కి కొట్టిన మెయిళ్లు మూడొందల పన్నెండు. అవిక రావు. పంపినవాళ్ల అడ్రసులే మిగిలాయి.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

"అయితే రాశారన్నమాట," అంది. "ఇంతకీ ఆ సున్నా పెట్టిన మహానుభావుడెవర్రా?"

పట్టికలో ఆ వరుస చివర సున్నా పెట్టిన తేదీ, పెట్టినవాడి పేరు ఉన్నాయి. బావని సాగనంపి వచ్చిన సాయంత్రం అది. ఆయన మెయిల్‌బాక్స్ ఒక్కటీ మూసెయ్యమని అక్క చెబితే, డొమైన్ మొత్తం మూసేశాను. పేరు నాదే.

"కనుక్కుంటానక్కా," అన్నాను.

"సర్లే. ముందు ఆ పేర్లు చదువు."

మొదటి అడ్రసు చదివాను.

"వాడా! వాడికి ఎక్కాలు కూడా వచ్చేవి కావు," అంది అక్క.

రెండోది చదివాను.