ఊదారంగు నీళ్లు

"మీరు సైన్సు సారు. మీకు నేను చెప్పేదేముండాది? మీరే చూడండి," అంటూ నాగేశ్వరయ్య రెండు గాజు గ్లాసుల్లోనూ రంగు మందు చుక్కలు వేశాడు. క్యాన్ నీళ్లు పసుపురంగుకు మారాయి. అతను అమ్మే క్షారపు నీళ్ల మిషన్‌లో పట్టినవి ఊదారంగుకు తిరిగాయి.

"ఆ పసుపుది ఆమ్లం. క్యాన్సర్ కణం బతికేది దాంట్లోనే. ఈ ఊదాది క్షారం. దీంట్లో అది బతకదు. అవునా కాదా?"

వాదించే ఓపిక భూపేష్‌కు లేదు. అయినా పాఠం చెప్పే అలవాటు ఊరుకోలేదు.

"గాజు పళ్లెంలో కణాలు పెట్టి ఆమ్లమూ క్షారమూ మారిస్తే వాటి తీరు మారేది నిజమేన్నా. గడ్డ తన చుట్టూ ఆమ్లాన్ని తానే పుట్టించుకుంటుంది. కానీ మనం తాగిన నీళ్లు పోయేది కడుపులోకి. ఆడుండేదే ఆమ్లం. నెత్తురేమో మనమేం తాగినా మారకుండా తన పాటికి తానుంటుంది. ఈ నీళ్లు గడ్డ దాకా పోయేదెట్ల?"

"ఇంత తెలిసినోళ్లు మా అంగడికి యాల వచ్చినట్టు సార్?"

ఆ ప్రశ్నకు జవాబు ఇంట్లో మంచం మీద ఉంది. రొమ్ము ఆపరేషన్ తర్వాత భార్య నాగజ్యోతికి కర్నూలులో మొదటి కీమో ఎక్కించారు. నోరంతా పుండ్లు పడ్డాయి. గంజి తాగినా ఇనుము నాకినట్టుందంటోంది. రెండోది రేపే, శనివారం. "నేను రాను. ఆ నాగేశ్వరయ్య శెట్టి భార్య సుచరిత ఎట్ల తిరుగుతాందో చూడు, నేనెట్ల పడుండానో చూడు. ఆ మిషనే తెచ్చియ్యి," అని గోడవైపు తిరిగి పడుకుంది. రేపు తప్పితే ఆమెను మళ్లీ బయలుదేరదీయలేనని భూపేష్‌కు తెలుసు. వారమంతా చెప్పి చెప్పి అతని దగ్గర మాటలు అయిపోయాయి.

"మిషన్ ఇయ్యన్నా," అన్నాడు చివరికి.

నాగేశ్వరయ్య ముఖం మెత్తబడింది. "భయపడొద్దు సార్. మా సుచరితదీ మీ ఆమె జబ్బే. ఆపరేషన్ అయితే చేయించినా. కీమో మాత్రం వద్దంటే వద్దన్నా. మా యక్క ఆ మందులు ఎక్కించుకుంటానే పోయింది, నా కండ్లతో చూసినా. ఈ నీళ్లే తాపుతాండా. శనివారం వచ్చిందంటే అహోబిలం బస్సెక్కుతాది. జబ్బు మనిషి అట్ల పోగలుగుతాదా? సామికి గుండు గూడా ఇచ్చొచ్చింది. మొలిచేదానికి లేదు, మళ్లీ ఇస్తానంటాది. దీని భక్తికి ఆ నరసింహసామే విసుక్కోవాల!"

తన మాటకు తానే నవ్వుకుంటూ, కొత్త మిషన్ దించడానికి నిచ్చెన వేసుకుని అటకెక్కాడు.

లోపలి నుంచి సుచరిత మంచినీళ్లు తెచ్చింది. కొంగు నెత్తి నిండా కప్పుకుని ఉంది. మనిషి సన్నబడింది, కానీ అడుగు తడబడడం లేదు.

"ఇంట్లో అక్క ఎట్లుందన్నా?"

"రేపు కర్నూలు పోవాల. రానంటోంది." భూపేష్ తలెత్తాడు. "నిజం చెప్పమ్మా. నువ్వు కోలుకున్నది ఈ నీళ్లతోనేనా?"

సుచరిత అటకవైపు చూసింది.

"ఈ నీళ్లతోనేన్నా!" అంది, పైకి వినబడేట్టు.

"విన్నారా సార్!" పైనుంచి నాగేశ్వరయ్య గొంతు పలికింది.

ఆమె గ్లాసు అందిస్తూ వంగింది. గొంతు బాగా తగ్గించింది.

"అహోబిలం బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి, కర్నూలు బస్సు మారుతాన్నా. జుట్టు సామికియ్యలా, మందుకు రాలిపాయ. రేపు అక్కను పిల్చుకరా, ఆస్పత్రిలో నా పక్క మంచం పట్టి పెడతా."