అంకెలు కరిగే గడియారం

“గడియారమంటే టైము చూపియ్యాలె. గిదేం చూపిస్తుంది, నా తలకాయ!” ఎల్లమ్మ మళ్లీ అంది.

ఆమె సీరియల్ మొదలై చాలాసేపయింది. టీవీ మాత్రం మనవరాలు అమల ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉంది.

“ఒక్కపూట చూడకుంటే ఏమైతది అత్తమ్మా? నౌకరీ తెచ్చిన గడియారం అది,” అంది కోడలు కమల.

తెర నడుమ బూడిదరంగు మరక. దాని చుట్టూ పసుపు, నీలం వణుకుతూ తిరుగుతున్నాయి. అంచున ఒక అంకె పుడుతుంది. మరక దాకా జరిగి, చదివేలోపే కరిగిపోతుంది. ముళ్లూ అంతే. నడుమకు రాగానే మాయం.

దానికోసం అమల నెలల తరబడి కోడ్ రాసింది. రంగు పిసరంత తగ్గించేది. మరక అంచు పలచన చేసేది. “ఇంకా సరిగ్గ రాలే” అని మొత్తం చెరిపేసేది.

“లోకంల లేని గడియారానికి సరేంది, తప్పేందే?” అని నవ్వేవాడు తండ్రి బాలనర్సింహ. గౌలిపురాలో పాల దుకాణం ఆయనది.

“తెలుస్తది బాపూ.”

పోటీకి పంపితే, వాచ్‌లు చేసే ఒక కంపెనీకి అది తెగ నచ్చింది. సోమవారం ఉద్యోగంలో చేరమన్నారు. వస్తాననిగానీ రాననిగానీ అమల చెప్పలేదు. ఇంట్లో అసలు లొల్లి దానికే.

“మంది ఆ నౌకరీ కోసం ఏడుస్తుంటే నీకేం బాధనే?” కమల గొంతు పెరిగింది. “మొఖం చూసి మాట్లాడు. ఎప్పుడు చూడు నా చెవి దిక్కో, గోడ దిక్కో చూస్తవ్.”

“ఎవడో ఉన్నడు,” ఎల్లమ్మ తేల్చేసింది. “స్కూటీ గూడ మూలకు పెట్టింది. ఆటోల ఎవనితోని పోతుందో అడుగు.”

“నానమ్మా!”

“ఏందే నానమ్మ? పెండ్లిచూపులల్ల మీ తాతను చూసినంక నేను గూడ గట్లనే గోడలు చూసిన.”

బాలనర్సింహ పకపకా నవ్వాడు. అమల కూడా నవ్వబోయింది. సగంలోనే ఆగిపోయింది.

అమల ఫోన్ మోగింది. కంపెనీ నుంచి. బాలనర్సింహ ఆత్రంగా తీసి, అందరికీ వినబడేట్టు పెట్టాడు.

“అమలగారూ, ఆ మధ్యలో మరక ఉంది చూశారూ, మా వాళ్లంతా ఫిదా అయిపోయారండీ! ఆ ఊహ ఎలా వచ్చిందో సోమవారం మీరే చెప్పాలి. ఇకనుంచి మా డయళ్లన్నీ మీరు చూసి సరే అన్నాకే బయటికెళ్తాయి. వస్తున్నారుగా?”

“ఎందుకు రాదు సార్, వస్తది!” అనేశాడు బాలనర్సింహ.

“కాసేపట్లో నేనే చేస్తాను సార్,” అంటూ అమల ఫోన్ లాక్కుంది. రెండుమూడుసార్లు నొక్కితేగాని అది ఆగలేదు.

“గల్లీ అంతా మిఠాయి పంచుదామనుకున్న,” అన్నాడు తండ్రి. ఆయన ముఖంలో నవ్వు లేదు.

కమల కూలబడింది. “ఏం తక్కువ చేసినమే నీకు? మాకేం సమజైతలేదు.”

బాలనర్సింహ కూతురి పక్కన కూర్చున్నాడు. “ఎవలన్న ఉంటే చెప్పు బిడ్డా. నేను పోయి మాట్లాడుత. తిట్టను, కొట్టను.”

తెరమీద ఇంకో అంకె వచ్చి కరిగిపోయింది.

అమల ముగ్గురి వైపూ తిరిగింది. చూపు ఎప్పటిలాగే కాస్త పక్కకు పోయింది.

“ఎవ్వరు లేరు బాపూ. నేను నౌకరీకి పోను,” అంది మెల్లగా. “ఆ మరక నేను ఊహించింది కాదు, ఏ గడియారం చూసినా, మీ మొఖాలు చూసినా, నాకు నడుమ గదే కనబడుతుంది.”