కొమ్ముంటే మనది

"తలెత్తరా నాయనా! ఒక్కసారి తలెత్తితే నీ సొమ్మేం పోతుంది?" అని పళ్ళ బిగువున గొణిగాడు ఆల్కోన్.

విల్లు లాగిపట్టి ఉండటంతో అతని భుజం పీకేస్తోంది. కొండ మీంచి దిగిన మంచు ఇంకా ద్రాక్షతోటను వదల్లేదు. తీగల వరసల మధ్య జింక వీపు కనిపిస్తోంది, తోక కనిపిస్తోంది. తల మాత్రం ఆకుల్లోనే ఉంది. పండిన గుత్తుల్ని అది చప్పరిస్తుంటే ఆల్కోన్‌కి ఒళ్ళు మండిపోతోంది.

బాణం వదిలితే తగులుతుంది. కానీ వదలకూడదు. కెరినియా కొండ మీద చిన్నా పెద్దా అందరికీ తెలిసిన మాట ఒకటుంది: కొమ్ముంటే మనది, లేకుంటే అమ్మవారిది. మగజింకని కొట్టుకు తినొచ్చు. దాని కొమ్ములు తెచ్చి గుడి ముందు చెట్టుకి కడితే చాలు. ఆడజింక మీద చెయ్యేస్తే మాత్రం ఆర్టెమిస్ అమ్మవారు ఊరుకోదు. ఆడవాళ్ళకి పురుళ్ళు పోసేదీ ఆవిడే కాబట్టి, కొట్టినవాడి ఇంట్లో పురిటి మంచం దగ్గరే పగ తీర్చుకుంటుందంటారు. ఆల్కోన్ భార్య ఫిలిన్నాకి నెలలు నిండాయి.

వెనక గోడ మీంచి పక్క తోట స్మిక్రోస్ దగ్గాడు. అంతే, జింక ఒక్క గెంతులో గోడ దాటి మంచులో కలిసిపోయింది. రాళ్ళ మీద దాని గిట్టలు ఠంగుఠంగుమని మోగాయి.

"ఏం బావా, ఇవాళ కూడా తోక దర్శనమేనా?"

"నీ దగ్గు తగలెయ్య! ఇంకాస్తుంటే తలెత్తేది."

"నిన్నా ఇదే మాటన్నావు. నువ్వు దాని తలకోసం చూస్తుంటావు, అది నీ తోట తల గొరుగుతుంటుంది."

"నీ తోటలో పడితే తెలుస్తుంది నా బాధ."

"నా ద్రాక్షలు పులుపు బావా. దానికీ నోటి రుచి ఉంది."

ఆల్కోన్ బాణాన్ని నేలకేసి కొట్టి ఇంటికి వచ్చేశాడు. ఫిలిన్నా నడుం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పోనీ తిననీవయ్యా. ఎంతని తింటుంది?"

"ఎంతనా? ఇంక మూడు వరసలే మిగిలాయి! ద్రాక్షసారా చేసి మారిస్తేనే కదా మనకి యవలు వచ్చేది? చలికాలం చంటిబిడ్డని పెట్టుకుని మంచు తిని బతుకుతామా?"

"నాకెందుకో భయంగా ఉంది. అమ్మవారు రథానికి కట్టబోతే చిక్కకుండా పారిపోయిన ఆడజింక ఈ కొండల్లోనే తిరుగుతోందంటారు కదా. దానివి కంచు గిట్టలట, ఇందాకటి చప్పుడు విన్నావా?"

"రాళ్ళ మీద గెంతితే నా చెప్పులూ మోగుతాయి," అన్నాడు విసురుగా. కానీ తిండి సహించలేదు. రొట్టెముక్క అలాగే వదిలేసి గుడికి బయల్దేరాడు.

పూజారిణి థియానో చీపురుతో ఆకులు ఊడుస్తోంది. అతన్ని చూసి ఊడవడం ఆపలేదు.

"అమ్మా, ఇంక నా వల్ల కాదు. ఈ ఒక్కదాన్నీ కొట్టుకోనివ్వు."

"కొమ్ములు చూశావా?"

"చూడనిస్తేగా!"

"మరైతే నా దగ్గరికెందుకొచ్చావు?"

"అదేదో రథం జింకేమోనని మా ఆవిడ బెంగపెట్టుకుంది."

"దాన్ని చూసినవాళ్ళు మా అమ్మమ్మ కాలంలో కూడా లేరు నాయనా. అమ్మవారి మందంతా ఆడవే. కొమ్ము కనబడిందా, అది నీది. కనబడలేదా, మూసుకుని కూర్చో. ఇంత చిన్నదానికి కొండెక్కి రావాలా?"

ఇంత చిన్నదట! తోట ఈవిడది కాదుగా, ఎన్నయినా చెబుతుంది. ఆల్కోన్ దారంతా తిట్టుకుంటూ దిగాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ఫిలిన్నాకి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసానిగా వచ్చిన స్మిక్రోస్ భార్య, "మగాడివి, ఇక్కడ నీకేం పని? పో, నీ జింకని కాచుకో," అని అతన్ని బయటికి నెట్టి తలుపు వేసింది.

జింక వచ్చే ఉంది. చివరి వరసలో తల దూర్చి మేస్తోంది. ఆల్కోన్ విల్లు లాగాడు. వేచి చూశాడు. ఇంట్లోంచి ఫిలిన్నా మూలుగు వినబడింది. గుత్తి తర్వాత గుత్తి పోతోంది. గులకరాయి విసిరాడు. తోక ఆడించింది, తల ఎత్తలేదు. ఇన్నాళ్ళుగా దిగమింగుకున్న కోపమంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. లేచి నిలబడి, "ఛీ! నీ మొహం ఒకసారి చూపించి చావు!" అని అరిచాడు.

జింక తలెత్తింది.

కొమ్ములు! కొమ్మలు కొమ్మలుగా చీలి, పొద్దుపొడుపు ఎండలో బంగారంలా పచ్చగా మెరుస్తున్న ఇంతింత కొమ్ములు. ఆల్కోన్ కళ్ళు చికిలించి మరోసారి చూసుకున్నాడు. అనుమానం లేదు. బాణం వదిలాడు.

జింక నాలుగడుగులు పరిగెత్తి కూలిపోయింది.

"కొట్టావు బావా!" అంటూ స్మిక్రోస్ గోడ దూకాడు. ఆల్కోన్ అక్కడే చతికిలబడ్డాడు. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది. కొండవైపు చేతులెత్తి, "అమ్మా, నీ సొమ్ము ముట్టలేదు. నా వంతే తీసుకున్నాను. ఇంట్లో దాన్ని చల్లగా చూడు తల్లీ," అని మొక్కాడు.

"మొక్కులు తర్వాత, ముందు కత్తి తియ్యి," అన్నాడు స్మిక్రోస్, కొమ్ములు పట్టి లాగుతూ. "అబ్బ, ఏం బరువు! ఇవి కట్టావంటే ఆ చెట్టు కొమ్మ విరుగుతుంది చూడు."

"ఊళ్ళో ఎవరికీ ఇలాంటివి దొరకలేదు కదూ?"

"ఎవరికీ దొరకలేదు. నువ్వు వెనక కాళ్ళు పట్టు, వెల్లకిలా తిప్పుదాం."

ఇంట్లోంచి ఫిలిన్నా గట్టిగా కేక పెట్టింది. "అయిపోవచ్చినట్టుంది బావా," అని స్మిక్రోస్ నవ్వాడు. ఆల్కోన్ కూడా నవ్వి, రెండు కాళ్ళూ పట్టుకుని జింకని తిప్పాడు.

దాని పొట్ట కింద నిండు పొదుగు ఉంది.