పేజీ దొరకలేదు

"ఏవండీ, మళ్ళీ అదే! పేజీ దొరకలేదంటోంది!"

ముందు గదిలో ఫోన్ చూస్తున్న భార్య కేక. కంప్యూటర్ ముందు కూర్చున్న కరాటే మాస్టారు నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఒంటిచేత్తో పెంకులు పగలగొట్టే మనిషి పొద్దున్నుంచీ కీబోర్డుతో కుస్తీ పడుతున్నాడు.

ఆవిడ బ్లాగు రాస్తుంది. నిన్న రాత్రి పెట్టిన పోస్టు తన రాతలన్నిటిలోకీ గొప్పదని ఆవిడ నమ్మకం. దానికి బ్లాగు ఇచ్చిన అంకెల లింకు చిరునామా నామోషీ అనిపించి, 'మా-ఇంటి-వీరుడు' అని సొంతంగా ఓ చిరునామా పెట్టింది. పెట్టి ఊరుకుందా? మాస్టారి దగ్గర కరాటే నేర్చుకునే పిల్లల తల్లులందరికీ పంపేసింది. సాయంత్రం ఆరింటికి అందరూ ఒకేసారి తెరిచి చదవాలని ఒప్పందం.

తీరా చూస్తే ఇదీ వరస.

"మాటల మధ్య ఖాళీ వచ్చినట్టుంది. గీత పెట్టి చూస్తా," అంటూ మాస్టారు టకటకా కొట్టాడు.

"రాలేదండీ!"

"అయితే గీతలు ఎక్కువయ్యాయేమో."

"ఇప్పుడూ రాలేదు!"

"పోనీ, వేరే చిరునామా పెట్టేద్దామా?"

"బావుంది! పాతది అందరికీ పంపేశాక కొత్తది పెట్టి ఏం లాభం? అదే తెరుచుకోవాలి. అయినా అది మీ గురించేనండీ, కాస్త మనసుపెట్టి చూడండి!"

అత్తగారు కుర్చీ లాక్కుని పక్కన చేరింది.

"ఏం అల్లుడూ, అంతమందికి విద్య నేర్పేవాడివి, పెళ్ళాం నీ గురించి రాసిన నాలుగు ముక్కలు తెరవలేవా? నలుగురిలో నీ పరువేం కాను?"

"ఆ పరువు కోసమేగా అత్తయ్యా, ఈ తంటాలన్నీ!" అంటూ మాస్టారు మళ్ళీ టకటకలాడించాడు.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని తెర మీదికి వంగింది. "చివర ఏదో అక్షరం తగ్గినట్టు లేదూ?"

"మీరు అడ్డం రాకండత్తయ్యా! అసలే టైం లేదు!"

ఆవిడ మూతి ముడుచుకుని లేచిపోయింది. పాపం, మాస్టారు ఎప్పుడూ ఆవిడ మీద అలా విసుక్కోలేదు.

ఆరయింది. భార్య ఫోన్ ఆగకుండా మోగింది. ఒక్కరికీ తెరుచుకోలేదట.

ఆవిడ నీరసంగా లోపలికి వచ్చింది. చొక్కా తడిసిపోయి కూర్చున్న మొగుణ్ణి చూసేసరికి కోపమంతా కరిగిపోయింది.

"పోనివ్వండి. నా రాత కోసం ఇంత అవస్థపడే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు? ఉండండి, టీ పెట్టుకొస్తా," అని కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళగానే మాస్టారు, తెల్లవారగానే తాను చెడగొట్టిన చిరునామా ఇంకా చెడిపోయే ఉందని మరోసారి చూసుకుని, 'నిన్న వంటింట్లో బొద్దింకను చూసి కెవ్వుమని బీరువా ఎక్కిన మావారు గంటసేపు దిగలేదు' అని మొదలయ్యే ఆ పోస్టును హాయిగా మూసేశాడు.