మొక్కిన పొట్టేలు

"నిన్న జరంతో పడిపోయిన గొర్రెలన్నీ లేసి మేస్తాండాయి డాక్టరమ్మా," అన్నాడు బీరప్ప సంబరంగా.

మందకంతా దొమ్మ రోగం రాకుండా మొన్న టీకా వేసింది సుప్రజే. పోయిన ఏడు తొలివానకు ఆ రోగమే బీరప్ప తమ్ముడి మందను ఒక్క గొర్రె మిగలకుండా ఊడ్చేసింది.

"ఒకట్రెండు దినాలు జరం ఉంటాదని చెప్పినా కదా. అంత తొందరగా ఎట్ల తగ్గింది?"

"చెప్పినావు. కండ్లముందర వణుకుతాంటే మనసు యాడ నిలుస్తాది? కోడుమూరుకు పోయి పెన్సిలిన్ తెచ్చినా. ఒగదాన్నీ ఇడ్సకుండా సూదేసినా."

సుప్రజ పక్కనే ఉన్న బండ మీద కూలబడింది.

"బీరప్పా, టీకాలో ఉండేది ఆ రోగం క్రిమే. దాన్ని నీరసపరిచి, ప్రాణంతోనే గొర్రెకు ఎక్కిస్తాం. దాంతో కొట్లాడితేనే గొర్రె గట్టిపడేది. నీ పెన్సిలిన్ ఆ క్రిమిని చంపేసింది."

"అంటే, టీకా వేయనట్టేనా?"

"వేయనట్టే. ఆ మందు ఒంట్లోంచి పోయినాక మళ్ళా వేస్తా. అది పనిచేసేదానికి ఇంకా రెండు వారాలు. అంతవరకు వాన రాకుంటే చాలు. తడి తగిల్తే నేలలోని రోగం లేస్తాది."

బీరప్ప మంద వైపు తిరిగాడు. వాన కురిపిస్తే బలిస్తానని తాను మొక్కుకున్న పొట్టేలు నుదుటి నిండా పసుపుతో నడిమధ్య నిలబడి ఉంది.

"ఇప్పుడొద్దు సామీ," అన్నాడు.

అప్పటికే ఆ పసుపు చినుకులకు తడిసి, పొట్టేలు కళ్ళలోకి కారుతోంది.