నీళ్ళు తగ్గించిన తొట్టి

"ఈ తొట్టిలో నీళ్ళు ఎవరు పోశారు?"

కప్పల మేడం గొంతుకి వరండాలో కునుకు తీస్తున్న వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచాడు.

ఇంకా నలభై నిండని ఆమెని పరిశోధనశాలలో అందరూ అలాగే పిలుస్తారు. ఆ పేరుకి ఆమెకి కోపం రాదు, పైగా ముచ్చట. కోపమల్లా తన తొట్ల జోలికి ఎవరైనా వెళితేనే.

కిటికీ పక్కన రెండు తొట్లు. ఒకదాన్నిండా నీళ్ళు. రెండోదాంట్లోంచి రోజూ పొద్దున్నే ఆమె స్వయంగా ఓ కప్పుడు నీళ్ళు తీసేస్తుంది. నీరు ఎండిపోతుంటే అందులోని తోకకప్పలు ఎలా ఎదుగుతాయో చూడాలి. వారాల తరబడి పడ్డ శ్రమ. ఇప్పుడు ఎండాల్సిన తొట్టి కాస్తా అంచుల దాకా నిండి ఉంది.

పక్కన, చేతిలో మగ్గుతో, ఓ ముసలావిడ. బక్కపలచని మనిషి, గాలేస్తే పడిపోయేలా ఉంది.

"నేనేనమ్మా. నీళ్ళు చాలక గిలగిల్లాడుతుంటే చూడలేక..."

"చూడలేకపోతే కళ్ళు మూసుకోవాలి. ముట్టుకోమని ఎవరు చెప్పారు మీకు? అసలు ఎవరండీ మీరు?"

"ఊరికే చూసిపోదామని వచ్చాను."

తొట్లు చూడటానికి అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఈవిడా అలాంటిదే అనుకుంది మేడం. నోటికొచ్చిన నాలుగూ అనేసి, విసుక్కుంటూ నీళ్ళు తోడటం మొదలుపెట్టింది.

ముసలావిడ మాత్రం కదల్లేదు.

"ఇవీ అవీ ఒక్క తల్లివేనా?"

"ఒక్క తల్లివే. ఒక్కపూట పెట్టిన గుడ్లే."

"మరి ఇవింత పీలగా ఉన్నాయేంటమ్మా?"

చెప్పడమంటే మేడంకి అన్నంకన్నా ఇష్టం. కోపం కూడా మర్చిపోయింది.

"నీరు తగ్గుతోందని ఒంటికి తెలిసిపోతుందండీ. ఇక ఎదిగే తీరికెక్కడిది? అరకొర ఒంటితోనే కాళ్ళు తెచ్చుకుని గట్టెక్కేస్తాయి. ఆ తొట్టిలోవి తాపీగా, బొద్దుగా పెరుగుతాయి."

"గట్టెక్కాక కోలుకోవా?"

"అంత తేలికా? తొందరపడి ఎదిగినవి తొందరగానే ముసలివైపోతాయి. పోనీ తరతరాలుగా ఎండే గుంటల్లోనే బతికాయనుకోండి, తొందరపడ్డవే మిగిలి గుడ్లు పెడతాయి. చివరికి ఆ తొందర పుట్టుకతోనే వచ్చేస్తుంది."

"వీటి తల్లి చూస్తే ఊరుకునేదా?"

"కప్పకి తల్లిప్రేమేంటండీ? గుడ్లు పెట్టి తన దారిన తను పోతుంది. మా అమ్మలాగ."

ముసలావిడ చెయ్యి తొట్టి అంచు మీద ఆగిపోయింది.

మేడం నవ్వులాటకే అంది. అన్నాక పాత మంట రేగింది. పెంచినవాళ్ళు పువ్వుల్లో పెట్టి పెంచారు, ఏ లోటూ రానివ్వలేదు. అయినా కన్నతల్లి ఒక్కసారి కనబడితే అడగాల్సిన మాట ఒకటుందని, ఊహ తెలిసినప్పట్నుంచీ కాచుకుని కూచుంది.

"పుట్టగానే నన్ను ఎవరికో ఇచ్చేసిందట. ఎందుకిచ్చిందో దాని నోటితోనే వినాలి నేను."

"మీ మంచికే ఇచ్చిందేమో తల్లీ."

"బాగుంది సంబడం. మిగతా పిల్లల్ని తన దగ్గరే ఉంచుకుని ఉంటుంది. అమ్మ దగ్గర పెరిగిన అదృష్టవంతులు వాళ్ళు."

ముసలావిడ మేడంని తలనుంచి కాళ్ళ దాకా తనివితీరా చూసింది.

"బాగా ఎదిగారమ్మా. చల్లగా ఉండండి."

మగ్గు కింద పెట్టి, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది.

కాసేపటికి వాచ్‌మన్ టీ తెచ్చాడు.

"ఆవిడ అప్పుడే వెళ్ళిపోయారేంటి మేడం? మీ చుట్టాలేగా."

"చుట్టమా? నా కొంప ముంచిన మహాతల్లి."

"అదేంటి మేడం, మిమ్మల్ని కన్నవాళ్ళ మనిషినని చెప్పింది. అందుకే లోపలికి పంపాను."

మేడంకి చేతిలో టీ ఒలికి చెయ్యి కాలినా తెలియలేదు.

"ఎటు వెళ్ళింది?"

"పెద్దాసుపత్రి బస్సెక్కింది. చేతికి వార్డు పట్టీ కూడా ఉంది. డాక్టర్లకి చెప్పకుండా వచ్చేశానంది."

కాళ్ళకి చెప్పులున్నాయో లేవో చూసుకోకుండా పరిగెత్తింది మేడం.

అమ్మ. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన అమ్మ. ఎదురుగా వచ్చి నిలబడితే తను మగ్గుడు నీళ్ళకోసం తిట్టింది. కప్పతో పోల్చింది. దారి పొడుగునా అదే తలుచుకుని కుమిలిపోయింది.

డాక్టర్లకి చెప్పకుండా బయటికెళ్ళిన ముసలావిడ ఏదని అడిగితే ఆడవాళ్ళ వార్డులో ఓ మంచం చూపించారు. దాని మీద దుప్పటి ముఖం దాకా కప్పేసి ఉంది.

"ఎక్కడికో వెళ్ళొచ్చి పడుకున్నారు. మళ్ళీ లేవలేదు," అంది నర్సు.

మంచం పక్కన కాలేజీ చదివే వయసున్న అమ్మాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. మేడంని చూడగానే ఆ కళ్ళు పెద్దవయ్యాయి.

మేడం ఆ పిల్ల చేతులు పట్టుకుని బావురుమంది.

"ఒక్క మాట చెప్పుంటే కాళ్ళమీద పడేదాన్ని కదే. మీ అమ్మమ్మని నేను తిట్టి పంపేశాను. కన్నతల్లినని నాకెందుకు చెప్పలేదు?"

అమ్మాయి అయోమయంగా చూసింది.

"అమ్మమ్మా? అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఈవిడ మా అమ్మ."

మేడం మంచం వైపు తిరిగింది.

అమ్మాయి మెల్లిగా దుప్పటి తొలగించింది.

"పుట్టినప్పుడు అచ్చు ఒకేలా ఉండేవారట, అమ్మమ్మకి కూడా పోల్చుకోవడం అయ్యేది కాదట. ఇద్దరినీ సాకలేక ఒకరిని ఇచ్చేసిందట. మీరు ముందు, మీ వెనకే మా అమ్మ, ఒక్క కాన్పులోనే పుట్టారు, పెద్దమ్మా."